పై అంకెల ధారణ

వృత్తపరిధిని దాని వ్యాసముచే భాగింపగా లభించు నిష్పత్తికి గణితజ్ఞులు పెట్టిన పేరు 'పై'. దశాంశరీతిని వ్రాయబూనినచో 3.14159265 అని మొదలై, అంతము లేకయు, ఒకే వరుస మరల మరల ఆవృత్తమగుట లేకయు సాగిపోవు నీ సంఖ్యయొక్క అంకెలను, ఏ లెక్కకును వానితో పని లేకున్నను, కేవలము వినోదార్థమును ధారణాశక్తిని పరీక్షించుకొనుటకును కంఠస్థము చేసి, పదిమంది యెదుట తప్పిపోకుండ అప్పగించు క్రీడకు పై అంకెల ధారణ యని పేరు పెట్టవచ్చును. ఇరువదవ శతాబ్ది యుత్తరార్ధమున ఈ క్రీడ పాశ్చాత్య దేశములందును జపానునందును పందెములకును రికార్డులకును ఎక్కినది. అయినను సంఖ్యను పద్యముగా మార్చి నోట నిలుపుకొనుటయు, అర్థము లేని అక్షరములను వరుస తప్పక జ్ఞప్తియం దుంచుకొనుటయు తెలుగునాట చిరకాలముగా ఎరిగిన విద్యలే యగుటచే, దీనిని పరదేశపు వింతగా గాక మన అవధానమునకు దూరపు బంధువుగా జూచుటయే ఈ వ్యాసమున అవలంబింపబడిన దృష్టి.

ఈ నిష్పత్తికి గ్రీకు అక్షరమును సంకేతముగా 1706లో వాడినవాడు వేల్సు దేశీయుడైన విలియం జోన్సు. దానికి వ్యాప్తి గూర్చినవాడు ఆయిలర్. ఇది రెండు పూర్ణాంకముల భిన్నముగా వ్రాయ శక్యము గాని సంఖ్యయని 1761లో లాంబర్టు నిరూపించుటతో దీని అంకెలకు అంతముగాని ఆవృత్తిగాని లేదని తేలినది. 1882లో లిండెమన్ మరియొక మెట్టు ముందునకు బోయి, పూర్ణాంక గుణకములు గల ఏ బీజసమీకరణమునకును ఇది మూలము గాజాలదని స్థాపించెను. ధారణకు పూనుకొనువానికి లాంబర్టు సిద్ధాంతమే ముఖ్యము: ఎంత నేర్చినను ఇంకను నేర్వవలసినది మిగిలియే యుండును, వరుసలో కంటికి గాని చెవికి గాని తగులు క్రమ మేదియు లేనందున, గడచిన అంకెను బట్టి రాబోవు అంకెను ఊహించుటకు వీలును లేదు.

ఇన్ని అంకెలతో లోకమునకు పని యెంత యని ప్రశ్నించుకొన్నచో సమాధానము చాల చిన్నది. భూమి సగటు వ్యాసము 12,742 కిలోమీటర్లు. బడిలో నేర్పెడి 22/7 చేత దాని పరిధిని గట్టినచో నిజమైన విలువకంటె సుమారు 16 కిలోమీటర్లు ఎక్కువ వచ్చును. గోస్తనీనదీతీరమందలి తగరపువలసనుండి భీమునిపట్టణమునకు బోయి తిరిగి వచ్చుటకు చాలునంత దూరమన్నమాట. అదే లెక్కను 3.1416తో చేసినచో తప్పు 94 మీటర్లకు దిగును. ఎనిమిది దశాంశస్థానములు వాడినచో అయిదు సెంటీమీటర్లకంటె తక్కువ యగును. గ్రహాంతరములకు నౌకలను నడుపు నాసా సంస్థవారి జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాల మిక్కిలి సూక్ష్మమైన తన గణనలకు పదునైదు దశాంశస్థానములతో తృప్తిపడుచున్నది. కావున పదునారవ స్థానము మొదలుకొని కంఠస్థము చేయు ప్రతి అంకెయు శుద్ధ క్రీడయే. ప్రయోజనము లేదను ఆక్షేపణ దీనికి తగులదు. చదరంగమునకును ఆ ఆక్షేపణ తగులవలసినదే గదా.

భారతీయులలో ఈ నిష్పత్తి తొలినుండియు శ్లోకరూపముననే జీవించినది. క్రీ. శ. 499 నాటి ఆర్యభటుడు 20,000 వ్యాసముగల వృత్తమునకు 62,832 పరిధియని చెప్పి, అదియు ఉజ్జాయింపే యని స్పష్టపరచెను. కేరళదేశమున పదునాలుగు పదునైదు శతాబ్దులనాటి మాధవునిదిగా చెప్పబడు శ్లోకము పది దశాంశస్థానములను సరిగా నిలుపుచున్నది. 1819 నాటి సద్రత్నమాల యందు కడత్తనాటి రాజవంశీయుడగు శంకరవర్మ పదునేడు దశాంశస్థానములను ఒక్క శ్లోకపాదములో నిమిడ్చెను. అచ్చుపుస్తకము లేని కాలమున, తాటియాకు చెదలు పట్టినను విద్య చెడకుండవలెనన్నచో, సంఖ్య నోట నిలువవలసినదే. కనుక మన పూర్వులకు ధారణ వేడుక గాదు, గ్రంథరక్షణోపాయము.

తెలుగువారి వాటా ఇందు తక్కువది గాదు. తొమ్మిదవ శతాబ్దియందు మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును, రాజరాజనరేంద్రుని కాలమువాడని చెప్పబడు పావులూరి మల్లన తెలుగుపద్యములలోనికి దెచ్చెను. శాస్త్రగ్రంథమొకటి దేశభాషలో పద్యరూపము దాల్చుటకు ఇది తొలి యుదాహరణములలో నొకటి. మహావీరుని మతమున వృత్తనిష్పత్తి స్థూలమునకు 3, సూక్ష్మమునకు పదింటి వర్గమూలము. ఈ రెండవది 3.162 ప్రాంతమున నుండుటచే ఆర్యభటుని విలువకంటె చాల మోటు. ఈ విషయమున మల్లన పరంపర గర్వింపదగిన దేమియు లేదు. కాని ధారణావిషయమున నున్నది. చదరంగపు గదులు అరువదినాలుగింటిలో మొదటి గదిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టింపుగా బోసినచో మొత్తము గింజలెన్నియను ప్రశ్నకు సమాధానము 18446744073709551615 అను ఇరువది అంకెల సంఖ్య. మల్లన పేర ప్రచారమున నున్న చంపకమాల యొకటి ఈ ఇరువది అంకెలను ఒక్కటియు తప్పకుండ మోయుచున్నది. అందు వాడబడినది భూతసంఖ్యాపద్ధతి: మన్మథుని బాణము లైదు గనుక శర మన్నచో 5, చంద్రు డొక్కడే గనుక శశి యన్నచో 1, వేదములు నాలుగు గనుక వేద మన్నచో 4, ఆకాశము శూన్యము గనుక గగన మన్నచో 0. ఇట్లు పేర్చిన పదములను ఒకట్ల స్థానమునుండి ఎడమకు చదువుకొనవలెను. ఛందస్సు దీనికి కావలికాడు. ఒక్క పదము జారినను గణము భగ్నమై, లోపము చెవికే పట్టుబడును. పై అంకెలకు పద్యము గట్టదలచిన తెలుగుకవికి ఇంతకంటె మంచి మేలుబంతి లభింపదు.

అంకెలను మాటలలో నిలుపు పద్ధతులలో రెండవది కటపయాది. కర్ణాటక సంగీతము నేర్చిన ప్రతివాడును దీనిని, తెలిసియో తెలియకయో, నోటితో పలుకుచునే యున్నాడు. ఇందు క, ట, ప, య లు 1. ఖ, ఠ, ఫ, ర లు 2. గ, డ, బ, ల లు 3. ఘ, ఢ, భ, వ లు 4. ఙ, ణ, మ, శ లు 5. చ, త, ష లు 6. ఛ, థ, స లు 7. జ, ద, హ లు 8. ఝ, ధ, ళ లు 9. ఞ, న లును, హల్లుతో కూడని అచ్చులును సున్న. సంయుక్తాక్షరమున చివరి హల్లే లెక్కకు వచ్చును. అనుస్వారమునకు విలువ లేదు. మేళకర్త రాగముల పేళ్ల మొదటి రెండక్షరములును ఆ రాగముయొక్క క్రమసంఖ్యను దెలుపునట్లు కూర్పబడినవి. మేచకల్యాణిలో మ 5, చ 6, తిరుగవేసినచో 65. ధీరశంకరాభరణమున ధ 9, ర 2, తిరుగవేసినచో 29. తగరపువలసకు అనతిదూరమున నున్న విజయనగరములో 1919లో స్థాపితమై, ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగా వెలసిన సంగీత కళాశాల విద్యార్థులకు ఇది ఓనమాలవంటిది.

ఈ పద్ధతిని పై అంకెలకు తెలుగుననే ప్రయోగింపవచ్చునని చూపుటకు ఈ వ్యాసకర్త కూర్చిన చిన్న వాక్యమిది: గొప్ప వాక్యము ధరించుము. గ 3, ప 1, వ 4, య 1, మ 5, ధ 9, ర 2, చ 6, మ 5. ఎడమనుండి కుడికి తిన్నగా చదివినచో 3.14159265 సిద్ధించును, ఇంతకు పూర్వము భూమిపరిధికి చాలునని చెప్పిన ఎనిమిది దశాంశస్థానము లివియే. ఆంగ్లమున ప్రచారమందున్న రీతి వేరు. అచ్చట వాక్యమందలి పదములలో అక్షరముల నెంచి, మూడక్షరముల పదము 3కు, ఒంటి యక్షరము 1కి గుర్తుగా పెట్టుకొందురు. మైకెల్ కీత్ అను నాతడు ఈ నియమము తప్పకుండ పదివేల అంకెల పొడవున నొక పుస్తకమునే వ్రాసి 2010లో ప్రకటించెను. ఆ రీతి తెలుగునకు సరిపడదు: ఒక అంకెకు ఒక పదము ఖర్చగుటచే పద్యము కొండవీటి చేంతాడగును, ముప్పదిరెండవ దశాంశస్థానమున తొలిసారి సున్న యెదురగుటతో సున్నకు గుర్తైన పదియక్షరముల పదమును వెదకు చిక్కు వచ్చును. కటపయాదిలో ఒక అంకెకు ఒక అక్షరమే చాలును. సున్నకు 'న'కారము సిద్ధముగా నున్నది.

ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. శ్రీకృష్ణ స్తుతివలె కానవచ్చుచు, కటపయాదిచే పై విలువను ముప్పదిరెండు అంకెలవరకు ఇచ్చు నొక శ్లోకము వేదకాలపుదిగా సభలలో తరచు వినిపింపబడుచుండును. దీనిని లోకమునకు దెచ్చినది, సన్న్యాసమునకు పూర్వము రాజమహేంద్రవరమున జాతీయ కళాశాలకు అధ్యక్షులుగా నుండి, పిదప పూరీ శంకరాచార్యులైన భారతీకృష్ణతీర్థులవారి గణితగ్రంథము. అది వారి నిర్యాణానంతరము 1965లో ముద్రితమైనది. ఆ గ్రంథమున కీర్తింపబడిన ఆ శ్లోకమునకు ప్రాచీన గ్రంథములలో ఆధారము చూపబడలేదు. పైగా దాని కడపటి అక్షరము 2ను ఇచ్చుచున్నది. ఆ స్థానమున ఉండవలసిన అంకె 5. కూర్పు చమత్కారమును మెచ్చుకొనవచ్చును. ప్రాచీనతను మాత్రము నమ్మరాదు. కంఠస్థము చేయువారు కడపటి అంకెను దిద్దుకొని చేయవలెను.

ఇక అవధానము. తిరుపతి వేంకటకవులు ఊరూర నడిపి జనప్రియము గావించిన ఈ కళలో అష్టావధాని యెనిమిదిమంది పృచ్ఛకులకును, శతావధాని నూర్గురకును, తడవకొక పాదము చొప్పున పద్యములు చెప్పుచుబోయి, చివర అన్నింటిని వరుసగా అప్పగించును. ఈ తుది ఘట్టమునకే ధారణయని పేరు. అందును పై అంకెల ధారణకు మిక్కిలి సన్నిహితమైన అంశము వ్యస్తాక్షరి. ఒక వాక్యమందలి అక్షరములను పృచ్ఛకుడు వరుస దప్పించి, ఇది ఏడవది, ఇది రెండవది, ఇది పదునాల్గవది యని సందు చూచుకొని యందించుచుండును. అవధాని ఇతర కార్యములలో మునిగియుండియే, ఒక్కొక్క అర్థరహితాక్షరమును దాని స్థానసంఖ్యతో మనసున నిలిపి, చివరకు వాక్యమును పూర్తిగా చెప్పవలెను. స్థానమునకు గుర్తు, గుర్తునకు స్థానము: పై అంకెలు నేర్చువాడు చేయునదియు ఇదియే. కొన్ని సభలలో నడుమనడుమ మ్రోగు గంటల లెక్కను తప్పకుండ చెప్పు అంశమును గలదు.

సంఖ్యలే ప్రధానముగా అవధానము చేసినవారిలో అగ్రగణ్యులు లక్కోజు సంజీవరాయశర్మగారు (1907–1997). కడపజిల్లా ప్రొద్దుటూరు ప్రాంతపు కల్లూరున జన్మించిన శర్మగారు పుట్టుకతోనే అంధులు. అక్క బడిపాఠములను బిగ్గరగా చదువుచుండగా వినియే లెక్కలు నేర్చిరి. ఫిడేలు వాయించుచునే గణితావధానము చేసిరి. నూటమూడు రెండ్లను తమలో తాము గుణింపగా ఎంత వచ్చునని సభలో అడుగగా, 10141204801825835211973625643008 అను ముప్పదిరెండు అంకెల సమాధానమును చెప్పిరని ప్రసిద్ధి. లెక్కగట్టి చూచినచో అది సరియైనదే. వీరిది కేవలము కంఠస్థవిద్య గాదు, గణన. అయినను అంతటి సంఖ్యను గట్టువరకు మధ్యఫలములను చూపు లేకయే నిలుపుకొనుట ధారణయొక్క పరాకాష్ఠ.

వేదాధ్యయనపద్ధతి ఇంకను పాతది. పదములను జటగాను ఘనగాను ముందువెనుకలుగా పెనవైచి చెప్పుటచే ఒక్క స్వరమును జారిపోకుండ కాపాడుకొనిరి. 3, 1, 4 అను మూడు అంకెలను ఘనరీతిని చెప్పవలసివచ్చినచో 31, 13, 314, 413, 314 అని చెప్పవలెను. పై అంకెలు నేర్చువారిలో ఈ ఉపాయమును ప్రయోగించి చూచినవారు అరుదు, ప్రయోగింపదగినది.

ఆధునిక క్రీడాచరిత్రలో ఎడింబరో గణితాచార్యుడు అలెగ్జాండర్ ఎయిట్కిన్ వృత్తాంతము ముందుగా చెప్పదగినది. విలియం షాంక్సు అను ఆంగ్లేయుడు ఏండ్లతరబడి చేతితో గణించి 1873 నాటికి 707 దశాంశస్థానములను ప్రకటింపగా, ఎయిట్కిన్ వానినన్నింటిని లయబద్ధముగా అయిదేసి అంకెల గుంపులుగా కంఠస్థము చేసెను. అటుపిమ్మట రెండవ ప్రపంచయుద్ధపు చివరి యేండ్లలో ఫెర్గుసన్ అను నాతడు, షాంక్సు గణన 527 స్థానములకు పిదప తప్పని కనుగొనెను! పాపము, ఎయిట్కిన్ ఆ భాగమును మరచి, సరియైన అంకెలను నేర్చి, వేయి స్థానములవరకు పోయెను. నేర్చినదానిని మరచుట నేర్చుకొనుటకంటె కష్టమని ఎరిగినవారికి ఇందలి శ్రమ తెలియును.

1980లో ఇంగ్లండున క్రెయిటన్ కార్వెల్లో 20,013 అంకెలు చెప్పగా, మరుసటి యేట, 1981 జూలై 5న, మంగళూరులో రాజన్ మహదేవన్ 31,811 అంకెలు చెప్పెను. విరామములతో గూడ దానికి పట్టిన కాలము 3 గంటల 49 నిమిషములు. 1987లో జపానీయుడు హిదెయాకి తొమొయొరి 40,000 అంకెలను, 1995లో ఆ దేశమువాడే హిరొయుకి గోతో 42,195 అంకెలను అప్పగించిరి. మారథాన్ పరుగు దూరము మీటర్లలో ఎంతయో గోతో చెప్పిన అంకెలు అన్ని. 2005 నవంబరు 20న చైనాలో లూ చావో 24 గంటల 4 నిమిషములలో 67,890 అంకెలు చెప్పి, ఆ తరువాతి అంకె సున్న కాగా అయిదని తప్పెను. 2015 మార్చి 21న వేలూరు వి.ఐ.టి. విశ్వవిద్యాలయమున రాజ్‌వీర్ మీనా కన్నులకు గంత గట్టుకొని, పదిగంటలకు లోపుగా 70,000 అంకెలు చెప్పి గిన్నిస్ గ్రంథమున కెక్కెను. చిత్తూరు సరిహద్దునకు కూతవేటు దూరమున, వేలకొలది తెలుగు విద్యార్థులు చదువుకొను ప్రాంగణమున జరిగిన ఈ ఘనకార్యము తెలుగు పత్రికలలో తగినంత చర్చకు రాలేదేమో యనిపించును. అదే యేట అక్టోబరులో సురేశ్ కుమార్ శర్మ 70,030 అంకెలు చెప్పెను. జపానునందలి అకిరా హరగుచి 2006లో లక్ష అంకెలు అప్పగించెనుగాని గిన్నిస్‌వారు దానిని అంగీకరింపలేదు.

ఇట్టివారి మెదడు పుట్టుకచేతనే విలక్షణమా, లేక అభ్యాసముచేత నట్లయ్యెనా యను వివాదము మనస్తత్వశాస్త్రమున చాలకాలము నడచినది. రాజన్ మహదేవన్ అమెరికాలో శాస్త్రజ్ఞులకు పరీక్షావస్తువై, తానును మనస్తత్వశాస్త్రము చదివెను. అంకెలను జ్ఞప్తియం దుంచుకొనుటలో అసమానుడైన అతడు, తనకు పరిచయములేని గుర్తులను చూపినప్పుడు సామాన్యులవలెనే అయిదారింటిని మాత్రమే గుర్తుంచుకొనగలిగెనని 2004 నాటి ఎరిక్సన్ ప్రభృతుల పరిశోధన చెప్పుచున్నది. తొమొయొరిని పరీక్షించినవారును అతని ధారణ సాధారణమే యనియు, అంతయు అభ్యాసఫలమే యనియు తేల్చిరి. లూ చావో రెండేసి అంకెలను ఒక్కొక్క బొమ్మగా భావించి కథలల్లెను. హరగుచి అంకెలను జపాను అక్షరములుగా మార్చి కథలుగా చెప్పుకొనెను. ఇవన్నియు భూతసంఖ్యకును కటపయాదికిని సోదరవిద్యలే: అర్థము లేనిదానికి అర్థము గల్పించుట. 2004లో ఆక్స్‌ఫర్డున 22,514 అంకెలు చెప్పిన డేనియల్ టామెట్ మాత్రము, సంఖ్యలు తనకు రంగులుగాను ఆకారములుగాను కనబడునని చెప్పుకొనును. అది అందరికిని అభ్యాసముచే లభించు మార్గము గాదు.

అవధానికిని పై అంకెల ధారకునికిని పోలిక పెట్టి తారతమ్యము నిర్ణయింపవలసివచ్చినచో, ఈ వ్యాసకర్త అవధానికే తాంబూలమిచ్చును. అంకెలవానికి ఛందస్సు తోడు లేదు, నిజమే. కాని సంవత్సరములకొలది వ్యవధి యున్నది, అడ్డుపడు అప్రస్తుతప్రసంగి లేడు, నేర్వవలసిన వస్తువు ఎన్నటికిని మారదు. అవధాని తానప్పుడే సృజించినదానిని, చుట్టును చెదరగొట్టువా రుండగా, నిలుపుకొనవలెను.

అభ్యాసార్థులకు రెండుమూడు మాటలు. అంకెలను అయిదేసిగానో పదేసిగానో విభజించి, ఒక్కొక్క గుంపునకు రాగము గాని లయ గాని కుదుర్చుకొనుట మంచిది. తొలి మజిలీగా ముప్పదిరెండవ స్థానమందలి మొదటి సున్నను, పెద్ద మజిలీగా 762వ స్థానమున మొదలై వరుసగా ఆరుసార్లు వచ్చు తొమ్మిదిని పెట్టుకొనవచ్చును. ఈ రెండవదానికి భౌతికశాస్త్రజ్ఞుడు ఫైన్‌మాన్ పేర ప్రసిద్ధి గలదు. నేర్చుటకు పూర్వము అంకెలపట్టికను రెండు ప్రతులతో సరిచూచుకొనవలెను. ఎయిట్కిన్‌కు పట్టిన గతి జ్ఞప్తియం దుండవలెను.

1988లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరేటోరియం అను విజ్ఞానప్రదర్శనశాలలో లారీ షా ప్రారంభించిన పై దినోత్సవము మార్చి 14న జరుగుచున్నది. అమెరికావారు నెలను ముందు, తేదీని వెనుక వ్రాయుదురు గనుక అది 3-14 అగును. 2019లో యునెస్కో ఆ దినమునే అంతర్జాతీయ గణితదినముగా ప్రకటించెను. తగరపువలస, సంగివలస, చిట్టివలసల పిల్లలకు మార్చి యనగా పరీక్షల నెల. అప్పుడు పందెములకు తీరిక యుండదు. మనము తేదీని ముందు వ్రాయువారము గావున జూలై 22 మనకు 22/7 అగును. బడులు తెరచి నెల దాటియుండును, పరీక్షల భయ ముండదు. గోస్తనీతీరమందలి ఉపాధ్యాయులు ఆ దినమున పిల్లలచే పై అంకెల అప్పగింత పందెము నడిపించి, మొదటి బహుమతిని ఎక్కువ అంకెలు చెప్పినవారికి గాక, పది అంకెలకైనను సొంతముగా తెలుగుపద్యము గట్టి తెచ్చినవారి కిచ్చినచో, పావులూరి మల్లన వారసత్వము మరల బడికి వచ్చును.